బియాంకా పనోవా: వర్నాలో ఎనిమిది పదులు, సియోల్‌లో నాలుగో స్థానం

బల్గేరియా రిథమిక్ జిమ్నాస్ట్ బియాంకా పనోవా 1987లో నెలకొల్పిన ఘనత అంతకుముందు ఆ క్రీడలో ఎవరికీ సాధ్యం కాలేదు. స్వదేశంలోని వర్నా నగరంలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వ్యక్తిగత విభాగపు 5 స్వర్ణ పతకాలనూ ఆమే గెలుచుకున్నారు. ఆ పోటీలో ఆమె చేసిన 8 ప్రదర్శనలకూ న్యాయనిర్ణేతలు పదికి పది మార్కులు ఇచ్చారు. అప్పుడామె వయసు 17 ఏళ్లు. మరుసటి ఏడాది సియోల్ ఒలింపిక్స్‌కు స్వర్ణం ఆశించదగిన క్రీడాకారిణుల్లో ముందు వరసన నిలిచి వెళ్లిన ఆమె, ఏ పతకమూ లేకుండా తిరిగి వచ్చారు. ప్రాథమిక పోటీలో క్లబ్‌ల ప్రదర్శన మధ్య జరిగిన ఒక్క పొరపాటు ఆమెను నాలుగో స్థానానికి నెట్టింది.

ప్రపంచ స్థాయిలో పనోవా క్రీడాజీవితం సుమారు ఐదేళ్లకు మించలేదు. అయినా రిథమిక్ జిమ్నాస్టిక్స్ చరిత్ర రాసేవారెవరూ ఆమెను దాటి ముందుకు సాగలేరు. ఆమె అందుకున్న పతకాలు ఇందుకు ఒక కారణం. గరిష్ఠ మార్కు పదిగా ఉన్న కాలంలో ఆ క్రీడలోని న్యాయనిర్ణయ పద్ధతి ఎంతవరకు సాగగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఆమె జీవితంలోని రెండు వరుస సంవత్సరాలు స్పష్టంగా చూపడం మరో కారణం.

క్రీడ స్వరూపం

జిమ్నాస్టిక్స్ అనగానే మన దేశంలో దీపా కర్మాకర్ వాల్ట్ విన్యాసమో, హైదరాబాద్‌కు చెందిన అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో సాధించిన కాంస్యమో గుర్తుకు వస్తాయి. అది ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్. రిథమిక్ వేరు. ఇందులో వాల్ట్ ఉండదు, బార్లు ఉండవు, గాలిలో పల్టీలు ఉండవు. సంగీతానికి అనుగుణంగా, చేతిలో ఒక ఉపకరణంతో, చదరపు తివాచీ మీద నిమిషం పావు నుంచి నిమిషంన్నర లోపు ప్రదర్శన పూర్తి చేయాలి. తాడు, హూప్, బంతి, క్లబ్‌లు, రిబ్బన్ అనే ఐదు ఉపకరణాల్లో ఏ నాలుగు వాడాలన్నది కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. పనోవా పోటీ పడిన 1987, 1988 సంవత్సరాల్లో బంతిని పక్కన పెట్టి తాడు, హూప్, క్లబ్‌లు, రిబ్బన్‌తో పోటీలు నిర్వహించారు. ఒలింపిక్స్‌లో ఈ క్రీడ మహిళలకు మాత్రమే పరిమితం.

ఆ రోజుల్లో సంగీతానికి కూడా కట్టుబాటు ఉండేది. ఒకే వాద్యం వినిపించాలన్నది నియమం. అందువల్ల చాలామంది పియానోను ఎంచుకునేవారు. నేటి పోటీల్లో వినిపించే పాటలు, వాద్యబృందాల హోరు అప్పుడు లేవు. ఖాళీగా ఉన్న తివాచీ, ఒక పియానో, ఒక అమ్మాయి. చిన్న తడబాటు కూడా దాగడానికి చోటుండేది కాదు.

క్లబ్‌ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రిబ్బన్‌నూ హూప్‌నూ చూసినవారికి అవేమిటో వెంటనే తెలుస్తుంది. క్లబ్‌లంటే సీసా ఆకారంలో ఉండే జంట కర్రలు. ఒక్కొక్కటి 40 నుంచి 50 సెంటీమీటర్ల పొడవు, కనీసం 150 గ్రాముల బరువు ఉంటుంది. వీటి మూలం మన దేశంలోనే ఉంది. మల్లయోధులు భుజబలం కోసం తిప్పే ముద్గరాలను 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైనికాధికారులు చూసి తమ వ్యాయామంలో చేర్చుకున్నారు. అక్కడి నుంచి అవి ‘ఇండియన్ క్లబ్స్’ పేరుతో ఐరోపాకు వెళ్లాయి. కాలక్రమంలో తేలికపడి, సన్నబడి, స్త్రీల వ్యాయామశాలల్లోకి ప్రవేశించి, చివరికి రిథమిక్ జిమ్నాస్టిక్స్ ఉపకరణాలయ్యాయి. మిగిలిన ఉపకరణాల కంటే వీటితో చిక్కు ఎక్కువ. రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు చేయాలి. రెండింటినీ ఒకేసారి పైకి విసిరి, శరీరం ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు రెండింటినీ పట్టుకోవాలి. ఒకటి చేతికి అంది, రెండోది వేలి కొసను తాకి నేల మీద పడితే ప్రేక్షకులకు ఆ చప్పుడు కూడా వినిపిస్తుంది.

బంగారు బాలికల దేశం

పనోవా 1970 మే 27న బల్గేరియా రాజధాని సోఫియాలో జన్మించారు. ఆమె పుట్టేనాటికే ఆ దేశంలో రిథమిక్ జిమ్నాస్టిక్స్ ఒక సంప్రదాయంగా స్థిరపడింది. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య ఈ క్రీడను 1962లో గుర్తించింది. మరుసటి ఏడాది బుడాపెస్ట్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. ఆరంభంలో సోవియట్ యూనియన్‌దే పైచేయి. ఆ ఆధిపత్యాన్ని తొలిసారి గట్టిగా దెబ్బతీసినవారు సోఫియాకు చెందిన మరియా గిగోవా. ఆమె 1969లో వర్నాలో, 1971లో హవానాలో ప్రపంచ ఆల్ అరౌండ్ విజేతగా నిలిచారు. 1973లో రోటర్‌డామ్‌లో సోవియట్ క్రీడాకారిణి గలీమా షుగురోవాతో సమానంగా స్వర్ణం పంచుకున్నారు. మూడుసార్లు ఈ టైటిల్ గెలిచిన మొదటి క్రీడాకారిణి ఆమె.

గిగోవాతో పాటు అదే తరంలో పోటీ పడిన నెష్కా రోబెవా 1974లో శిక్షకురాలిగా బాధ్యతలు స్వీకరించి, శతాబ్దం ముగిసే దాకా జాతీయ జట్టును నడిపించారు. ప్రదర్శనను కసరత్తుల వరసగా కాక నృత్యంగా మలచడం రోబెవా ప్రత్యేకత. శిక్షణ వృత్తిని విడిచిన తర్వాత ఆమె జానపద నృత్య ప్రదర్శనల రూపకర్తగా పేరు తెచ్చుకోవడం అందుకే ఆశ్చర్యం కలిగించదు. ఆమె శిష్యురాళ్లను బల్గేరియా ప్రజలు ‘బంగారు బాలికలు’ అని పిలుచుకున్నారు. 1981లో మ్యూనిక్‌లో అనేలియా రలెంకోవా, 1983లో స్ట్రాస్‌బర్గ్‌లో, 1985లో వల్లాదోలీద్‌లో దిలియానా గియోర్గీవా ప్రపంచ ఆల్ అరౌండ్ విజేతలయ్యారు. వీరితో పాటు ఇలియానా రాయెవా, లిలియా ఇగ్నాతోవా వంటివారు కూడా ఉన్నందువల్ల, బల్గేరియా జట్టులో చోటు సంపాదించడమే ప్రపంచ పతకం సాధించినంత కష్టమైన రోజులవి.

సుమారు 90 లక్షల జనాభా ఉన్న ఒక చిన్న దేశం అంత ఎత్తుకు చేరడానికి ప్రభుత్వ యంత్రాంగం తోడ్పాటు ఉంది. కమ్యూనిస్టు పాలనలోని బల్గేరియాలో క్రీడలు ప్రతిష్ఠకు సంబంధించిన విషయం. చిన్న వయసులోనే పిల్లలను ఎంపిక చేయడం, ప్రత్యేక శిబిరాల్లో ఏళ్ల తరబడి శిక్షణ ఇవ్వడం, ఖర్చంతా ప్రభుత్వమే భరించడం పరిపాటి. దీనికి మరో ముఖమూ ఉంది. రోజుకు ఎన్నో గంటల సాధన, బరువుపై కఠిన నియంత్రణ, గాయంతోనే పోటీకి దిగడం ఆనాటి తూర్పు ఐరోపా జిమ్నాస్టిక్స్ అంతటా మామూలు విషయాలు. ఆ తరం క్రీడాకారిణుల్లో పలువురు తర్వాతి కాలంలో వాటి గురించి మాట్లాడారు. పతకాల జాబితా చూసేటప్పుడు ఆ లెక్కను కూడా పక్కనే ఉంచుకోవాలి.

ఇంత సంపన్నమైన సంప్రదాయానికి ఒక్క కొరత మాత్రం ఉండిపోయింది. రిథమిక్ జిమ్నాస్టిక్స్ ఒలింపిక్స్‌లో ప్రవేశించింది 1984 లాస్ ఏంజెలెస్ క్రీడలతోనే. సోవియట్ యూనియన్ ఆ క్రీడలను బహిష్కరించగా బల్గేరియా కూడా అదే బాట పట్టింది. ప్రపంచంలో అత్యుత్తమ క్రీడాకారిణులు లేని ఆ పోటీలో కెనడాకు చెందిన లోరీ ఫంగ్ తొలి ఒలింపిక్ స్వర్ణం అందుకున్నారు. గెలిచినవారి తప్పు ఇందులో ఏమీ లేదు. కానీ అప్పటి ప్రపంచ విజేత గియోర్గీవాకూ ఆమె సహచరులకూ తమ ప్రతిభ శిఖరాన ఉన్న వేళ ఒలింపిక్ వేదిక అందకుండా పోయింది. ఆ తర్వాత వచ్చిన అమ్మాయి మీద ఆ బాకీ తీర్చే భారం కూడా పడింది. ఆ అమ్మాయి పనోవా.

వర్నా, 1987

పనోవా 15 ఏళ్ల వయసులో వల్లాదోలీద్ ప్రపంచ పోటీలో పాల్గొన్నారు. మరుసటి ఏడాది, 1986లో ఫ్లోరెన్స్‌లో జరిగిన ఐరోపా చాంపియన్‌షిప్‌లో తనకంటే సీనియర్ అయిన సహచరి ఇగ్నాతోవాతో సమానంగా ఆల్ అరౌండ్ స్వర్ణం పంచుకున్నారు. ఒకే దేశానికి చెందిన ఇద్దరు, ఒకే శిక్షకురాలి చేతుల్లో తయారైన ఇద్దరు ఒకే మార్కుతో అగ్రస్థానంలో నిలవడం బల్గేరియా బలానికి నిదర్శనం. ఆ క్రీడలో మార్కులు అప్పటికే పది దగ్గర ఎంత కిక్కిరిసిపోయాయో కూడా ఆ ఫలితం చెబుతోంది. ఇగ్నాతోవా తరం నిష్క్రమించే దశకు చేరగా జట్టు భారం పనోవా మీదికి, ఆమె ఈడుదే అయిన అడ్రియానా దునావ్‌స్కా మీదికి వచ్చింది.

1987 ప్రపంచ చాంపియన్‌షిప్‌కు నల్లసముద్ర తీరంలోని వర్నా ఆతిథ్యమిచ్చింది. 18 ఏళ్ల కిందట గిగోవా మొదటి టైటిల్ గెలిచిన ఊరు అదే. అక్కడి ప్రేక్షకులకు ఈ క్రీడ కొత్త కాదు. ఏ విసురు ప్రమాదకరమో, ఏ చోట ఊపిరి బిగబట్టాలో వారికి తెలుసు.

ఆల్ అరౌండ్ పోటీలో పనోవా నాలుగు ఉపకరణాలతో నాలుగు ప్రదర్శనలు చేశారు. నాలుగింటికీ పదులే వచ్చాయి. అంటే 40కి 40 మార్కులు. అనంతరం ఒక్కో ఉపకరణానికీ విడిగా ఫైనల్ జరిగింది. తాడు, హూప్, క్లబ్‌లు, రిబ్బన్ ఫైనళ్లలోనూ మళ్లీ నాలుగు పదులు వచ్చాయి. ఒకే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వ్యక్తిగత స్వర్ణాలన్నింటినీ, అదీ ఒక్క మార్కు కూడా పోగొట్టుకోకుండా గెలిచిన తొలి రిథమిక్ జిమ్నాస్ట్‌గా ఆమె నిలిచారు. ఈ ఘనతతో ఆమె పేరు గిన్నిస్ రికార్డుల పుస్తకానికి ఎక్కింది. ఈ క్రీడ నుంచి అందులో చోటు పొందిన మొదటి క్రీడాకారిణి ఆమే. ఆమెకు ట్రోఫీని అప్పటి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు హువాన్ ఆంటోనియో సమరాంచ్ స్వయంగా అందజేశారు.

పది మార్కులంటే 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో నాదియా కొమనేచి పేరు గుర్తుకు రావడం సహజం. అప్పుడు స్కోరుబోర్డుకు పదిని చూపడమే చేతకాక 1.00 అని చూపింది. పది రావడం అసంభవం అనుకున్న కాలమది. పదేళ్లు గడిచేసరికి రిథమిక్‌లో పరిస్థితి తారుమారైంది. అగ్రశ్రేణి క్రీడాకారిణులకు పది రావడం ఆశ్చర్యం కాదు, రాకపోవడమే ఆశ్చర్యం. అలాంటి కాలంలో కూడా వరుసగా ఎనిమిది పదులు అంత తేలిక కాదు. ఒక ప్రదర్శనలో ఏ లోపమూ లేకపోవడం ఒక ఎత్తు. వేర్వేరు రోజుల్లో, నాలుగు వేర్వేరు ఉపకరణాలతో, స్వదేశ ప్రేక్షకుల ఆశల మధ్య ఎనిమిదిసార్లు లోపం లేకపోవడం మరో ఎత్తు.

అయితే ఆ ఎనిమిది పదుల్లోనే ఒక చిక్కు కూడా ఉంది. మార్కులకు పది అనే కప్పు ఉన్నప్పుడు, తప్పు చేయనివారందరూ ఆ కప్పు కిందే ఒకరి పక్కన ఒకరు నిలబడవలసి వస్తుంది. ఒకరి విసురు మరొకరి విసురు కంటే ఎత్తైనదైనా, ఒకరి నృత్యం మరొకరి నృత్యం కంటే లోతైనదైనా పదిని మించి ఇవ్వడానికి అవకాశం లేదు. పనోవా ఇతరుల కంటే ఎంత ముందున్నారో వర్నా మార్కుల పట్టిక చెప్పలేదు. ఆమె తప్పు చేయలేదని మాత్రమే చెప్పింది. పై మెట్టు లేనిచోట పోటీ అంతా ఎవరు ముందు జారతారన్న ఎదురుచూపుగా మారుతుంది.

సియోల్, 1988

1988 సెప్టెంబరు చివరి రోజుల్లో సియోల్‌లో రిథమిక్ పోటీలు జరిగాయి. బల్గేరియా నుంచి పనోవా, దునావ్‌స్కా బరిలో దిగారు. సోవియట్ యూనియన్ నుంచి బెలారస్‌కు చెందిన మరీనా లోబాచ్, ఉక్రెయిన్‌కు చెందిన అలెగ్జాండ్రా తిమోషెంకో వచ్చారు. బహిష్కరణలు దాటి ఈ రెండు బడుల అమ్మాయిలూ ఒలింపిక్ వేదిక మీద ఎదురుపడటం అదే మొదటిసారి.

ఆనాటి లెక్క ఎలా ఉండేదో తెలిస్తేనే ఆ తర్వాత జరిగింది అర్థమవుతుంది. ప్రాథమిక పోటీలో నాలుగు ప్రదర్శనలకు గరిష్ఠంగా 40 మార్కులు. అందులో సగం, అంటే 20 దాకా, ఫైనల్‌కు వెంట వస్తాయి. ఫైనల్‌లో మళ్లీ నాలుగు ప్రదర్శనలకు 40. మొత్తం 60. కనుక ప్రాథమిక పోటీలో పోగొట్టుకున్న మార్కు సగం బరువుతోనైనా సరే చివరిదాకా వెంటాడుతుంది. ఫైనల్‌లో ఎంత గొప్పగా ఆడినా దాన్ని పూడ్చుకునే మార్గం ఒక్కటే. ఎదుటివారు కూడా తప్పు చేయాలి. పదికి మించి మార్కు లేదు కనుక సొంత ప్రతిభతో ఆ గుంట పూడదు.

పనోవా తప్పు ప్రాథమిక పోటీలోనే జరిగింది. క్లబ్‌ల ప్రదర్శనలో పట్టు తప్పింది. ఏడాది కిందట ప్రపంచ స్వర్ణం తెచ్చిపెట్టిన ఉపకరణాల్లో అదీ ఒకటి. ఫైనల్‌కు ఆమె ఆ లోటుతోనే వెళ్లారు.

ఎదుటివారు తప్పు చేయలేదు. లోబాచ్ ప్రాథమిక పోటీలోనూ ఫైనల్‌లోనూ అన్ని ప్రదర్శనలకూ పదులు సాధించి 60.000 మార్కులతో స్వర్ణం గెలుచుకున్నారు. ఏడాది కిందట వర్నాలో పనోవా చేసి చూపిన పనినే సియోల్‌లో లోబాచ్ చేశారు. దునావ్‌స్కా 59.950తో రజతం, తిమోషెంకో 59.875తో కాంస్యం అందుకున్నారు. పనోవా ఖాతాలో 59.725 మార్కులు ఉన్నాయి. స్వర్ణానికీ ఆమెకూ మధ్య తేడా 0.275. కాంస్యానికీ ఆమెకూ మధ్య తేడా 0.150.

ఈ చివరి అంకె భారతీయ పాఠకులకు కొత్తది కాదు. 2016లో రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్‌లో దీపా కర్మాకర్ 15.066 మార్కులతో నాలుగో స్థానంలో నిలిచారు. కాంస్యం గెలిచిన స్విట్జర్లాండ్ క్రీడాకారిణి గిలియా స్టైన్‌గ్రూబర్ మార్కులు 15.216. అక్కడా తేడా సరిగ్గా 0.150. ఇద్దరి పరిస్థితులూ మాత్రం ఒకటి కావు. దీప నాలుగో స్థానాన్ని మన దేశం విజయంగానే స్వీకరించింది. ఆమెకు ముందు భారతదేశం నుంచి ఏ మహిళా జిమ్నాస్ట్ ఒలింపిక్స్‌కే వెళ్లలేదు మరి. పనోవా నాలుగో స్థానం బల్గేరియాలో పరాజయమైంది. అంకె ఒకటే అయినా, దాన్ని అందుకునే దేశం ఏ ఆశతో ఎదురుచూసిందన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది.

సియోల్ ఫలితాన్ని అన్యాయంగా చిత్రించడం సరికాదు. నియమాలు అందరికీ ఒకటే. లోబాచ్ ఒక్క పొరపాటైనా చేయలేదు. పనోవా చేశారు. రజతం గెలిచిన దునావ్‌స్కా కూడా బల్గేరియా అమ్మాయే. రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో ఆ దేశానికి దక్కిన మొదటి ఒలింపిక్ పతకం ఆమెదే. పనోవా కథ చెప్పే తొందరలో దునావ్‌స్కా ఘనతను చాలామంది మరిచిపోతారు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఒక క్రీడాకారిణి ఎంత గొప్పదో నమోదు చేయలేని కొలమానం, ఆమె ఎప్పుడు జారిందో మాత్రం వెయ్యో వంతు దాకా నమోదు చేసింది. 60 మార్కుల పోటీలో మొదటి నలుగురి మధ్య పావు మార్కు కంటే కాస్త ఎక్కువ తేడా ఉన్నప్పుడు, ఆ పట్టిక కొలిచింది ప్రతిభనా, పొరపాట్లనా అన్న సందేహం సహజం. ఆ సందేహం ఈ క్రీడ పాలకులకూ కలిగినట్టే ఉంది. తర్వాతి దశాబ్దాల్లో మార్కుల విధానం పదేపదే మారింది. పదే గరిష్ఠం అన్న నియమం పోయింది. నేడు ప్రదర్శన క్లిష్టతకు ఇచ్చే మార్కులకు పైకప్పు లేదు. ఎక్కువ సాహసం చేసినవారు ఎక్కువ మార్కులు పొందగలరు. ప్రాథమిక పోటీ మార్కులు ఒలింపిక్ ఫైనల్‌కు వెంట రావడం కూడా ఆగిపోయింది.

ఆ తర్వాత

పనోవా మరో ఏడాది పోటీల్లో కొనసాగారు. 1989లో యుగోస్లావియాలోని సరయేవోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఆమె చివరి పెద్ద పోటీ. అక్కడ ఆల్ అరౌండ్ టైటిల్ తిమోషెంకోకు దక్కింది. 1981 నుంచి వరుసగా నాలుగు ప్రపంచ పోటీల్లో బల్గేరియా చేతిలో ఉన్న కిరీటం అలా చేజారింది. తిమోషెంకో 1992 బార్సిలోనాలో ఒలింపిక్ స్వర్ణం కూడా గెలిచారు. పనోవా 19 ఏళ్లకే పోటీల నుంచి తప్పుకున్నారు. ఈ రోజుల్లో అగ్రశ్రేణి క్రీడాకారిణులు 20ల మధ్య దాకా ఆడుతుండగా ఆ వయసు చిన్నదిగా కనిపించవచ్చు. ఆనాటి లెక్కలో అది మామూలే.

అదే ఏడాది నవంబరులో తోదోర్ జివ్‌కోవ్ పదవి నుంచి తొలగడంతో బల్గేరియాలో దశాబ్దాల కమ్యూనిస్టు పాలన అంతానికి చేరింది. క్రీడలకు ప్రభుత్వం నుంచి అందే నిధులు ఆవిరయ్యాయి. సరిహద్దులు తెరుచుకోవడంతో శిక్షకులూ మాజీ క్రీడాకారిణులూ పశ్చిమ ఐరోపా బాట పట్టారు. పనోవా ఇటలీలోనూ, ఆ తర్వాత బెల్జియంలోనూ శిక్షకురాలిగా పనిచేశారు. ఈ వలస వల్ల ఇతర దేశాలు ఎంత లాభపడ్డాయో 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో తేలింది. మొదటిసారి నిర్వహించిన బృంద విభాగంలో స్పెయిన్ స్వర్ణం గెలవగా బల్గేరియా రజతంతో సరిపెట్టుకుంది. స్పెయిన్ జట్టును తీర్చిదిద్దిన శిక్షకురాలు ఎమీలియా బోనెవా బల్గేరియా మహిళ.

స్వదేశంలో సంప్రదాయం పూర్తిగా ఆరిపోలేదు. ప్లోవ్‌దివ్‌కు చెందిన మరియా పెట్రోవా 1993, 1994, 1995 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు ప్రపంచ ఆల్ అరౌండ్ విజేత అయ్యారు. మూడోసారి ఉక్రెయిన్ క్రీడాకారిణి కాతెరీనా సెరెబ్రియాన్‌స్కాతో స్వర్ణం పంచుకున్నారు. కానీ ఒలింపిక్స్‌కు వచ్చేసరికి పెట్రోవాకు కూడా కలిసిరాలేదు. బార్సిలోనాలోనూ అట్లాంటాలోనూ ఆమెది ఐదో స్థానమే. ప్రపంచ పోటీల్లో గిగోవా నుంచి పెట్రోవా దాకా అన్ని కిరీటాలు గెలిచిన దేశానికి ఒలింపిక్ వ్యక్తిగత స్వర్ణం మాత్రం దక్కలేదు.

బృంద విభాగం ఆ లోటును కొంత తీర్చింది. 2004లో ఏథెన్స్‌లో, 2016లో రియోలో కాంస్యాలు వచ్చాయి. కరోనా కారణంగా ఏడాది వాయిదా పడి 2021 ఆగస్టు 8న ముగిసిన టోక్యో ఒలింపిక్స్‌లో బల్గేరియా బృందం స్వర్ణం గెలిచింది. 2000 సిడ్నీ నుంచి వరుసగా ఐదు ఒలింపిక్స్‌లో బృంద స్వర్ణం గెలుస్తూ వచ్చిన రష్యా పరంపరకు అక్కడ తెరపడింది. అప్పుడు బల్గేరియా సమాఖ్యకు అధ్యక్షురాలు ఇలియానా రాయెవా. రోబెవా తొలి శిష్యురాళ్లలో ఒకరైన ఆమె కూడా ఒలింపిక్స్‌లో ఆడే భాగ్యానికి నోచుకోని తరానికి చెందినవారే.

వ్యక్తిగత విభాగంలో దునావ్‌స్కా తర్వాత మరో పతకం కోసం బల్గేరియా 36 ఏళ్లు ఎదురుచూసింది. 2023 ఐరోపా విజేత, సోఫియాకు చెందిన బోరియానా కాలెయిన్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 140.600 మార్కులతో రజతం సాధించారు. జర్మనీకి చెందిన దార్యా వర్ఫొలొమేవ్ 142.850తో స్వర్ణం, ఇటలీకి చెందిన సోఫియా రఫాయెలి 136.300తో కాంస్యం గెలిచారు. సియోల్‌లో మొదటి ముగ్గురి మధ్య తేడా ఎనిమిదో వంతు మార్కు అయితే పారిస్‌లో ఆరున్నర మార్కులు. కప్పు తొలగించాక మార్కులు ఎంత విస్తరించాయో ఈ రెండు పట్టికలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

కొత్త నియమాలు పాత కష్టాన్ని పూర్తిగా తీర్చలేదన్నది కూడా పారిస్‌లోనే కనిపించింది. ఆ ఏడాది ఐరోపా విజేతగా వచ్చిన బల్గేరియా రెండో క్రీడాకారిణి స్టిలియానా నికోలోవా అర్హత పోటీలో తడబడి ఫైనల్‌కే చేరలేకపోయారు. పనోవా కాలంలో ప్రాథమిక పోటీలో జరిగిన తప్పు ఫైనల్ దాకా వెంట వచ్చేది. ఇప్పుడు ఫైనల్‌కు చేరినవారికి పాత తప్పులు తుడిచిపెట్టుకుపోతాయి. చేరలేనివారికి ఆ తప్పుతోనే పోటీ ముగుస్తుంది.

బల్గేరియా ఇంతవరకు అందుకోని ఒలింపిక్ వ్యక్తిగత స్వర్ణం కోసం తదుపరి పోటీ 2028లో జరుగుతుంది. వేదిక లాస్ ఏంజెలెస్.